మాజీ సైనికుడి సన్మానం విషయంలో కమిటీలో గొడవ, ఏం చేయమంటారు?

పర్లాకిమిడి_కుర్రాడు:
మా వీధి తెలుగువాళ్లం ఏటా ఆగస్టు 15న మాజీ సైనికులకి శాలువా కప్పుతాం. ఈసారి లిస్టులో ఒక రిటైర్డ్ హవల్దార్ గారు ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు, ఏళ్ల తరబడి ఒక స్నేహితుడితో కలిసి ఉంటున్నారు, అందరికీ తెలుసు కానీ ఎవరూ ఎత్తరు. పెద్దలు పేరు తీసేయమంటున్నారు. కుర్రాళ్లేమో ‘గే సైనికుడికి సన్మానం’ అని మైకులోనే చెప్దాం, బయట దేశాల్లో ఇలాగే చేస్తున్నారు అంటున్నారు. నాకు రెండూ మింగుడు పడట్లేదు.

బరంపురం_మాస్టారు:
పెళ్లయిందో లేదో చూసి పంపారా బాబూ ఆయన్ని కాపలాకి? పేరు ఉండాల్సిందే. మైకు మాత్రం వద్దు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దవాళ్ల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చినా, ఆర్మీ చట్టంలో అనుచిత, అసభ్య ప్రవర్తనకి శిక్షలు చెప్పే 45, 46 సెక్షన్లు అలాగే ఉన్నాయి, 2019 జనవరిలో అప్పటి ఆర్మీ చీఫ్ రావత్ గారు సైన్యంలో ఇలాంటివి ఒప్పుకోమని విలేకరుల ముందే అన్నారు. అలాంటి చోట సర్వీసంతా నోరు కట్టుకుని బతికిన మనిషిని ఊరి మధ్య నిలబెట్టి మీరు చెప్తారా?

రాయగడ_రైలు:
బయట దేశాల సంగతి సగమే విన్నట్టున్నారు మీ కుర్రాళ్లు. 2000 జనవరి దాకా బ్రిటన్‌లో గే, లెస్బియన్ అని తేలితే సైన్యంలోంచి తీసేసేవాళ్లు, కొందరి పతకాలూ లాక్కున్నారు. ఆ బాధితులే ఏళ్లపాటు పోరాడితే 2021లో పతకాలు తిరిగివ్వడం మొదలుపెట్టారు, 2023 జులైలో ప్రధాని సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, 2024 డిసెంబరులో తీసేసినవాళ్లకి తలా 50,000 పౌండ్లు ప్రకటించారు, 2025 అక్టోబరులో స్మారకం కట్టారు. అంటే తీసుకున్నది తిరిగి ఇచ్చారు, అదీ అడిగినవాళ్లకి. మన దగ్గర విశాఖ నేవీలో పనిచేసిన శాబీ గిరి లింగమార్పిడి ఆపరేషన్ చేయించుకున్నారని 2017లో ఉద్యోగంలోంచి తీసేశారు, ఆమె బాహాటంగా మాట్లాడి కోర్టుకెళ్లారు. అలాంటివాళ్లని పిలిచి, విషయం చెప్పి మరీ సన్మానించండి.

సోంపేట_సుబ్బడు:
సన్మానం సైనికుడికి. ఇంటి విషయాలు ఎందుకండీ మనకి?

బరంపురం_మాస్టారు:
సుబ్బడు గారూ, మిగతావాళ్లని దంపతులుగా కూర్చోబెట్టి బట్టలు పెట్టట్లేదా? అది ఇంటి విషయం కాదా?

పర్లాకిమిడి_కుర్రాడు:
నిజమే మాస్టారూ, అమ్మగారికి చీర, అయ్యగారికి పంచె, ఏటా అంతే. ఆదివారం వాళ్లింటికి నేనొక్కడినే వెళ్లి, స్నేహితుడిగారు కూడా పక్కన కూర్చోవచ్చా అని ఆయన్నే అడుగుతా. బట్టలు కొనేది ఎలాగూ నేనే. సరే అంటే చీర బదులు ఇంకో పంచెల చాపు తెస్తా, బిల్లు చూసి అడిగినవాళ్లకి అప్పుడు చెప్పుకుందాం.