‘డ్రై’కి ఎప్పుడూ ‘పొడి’ అనే రాయాలా?

ఉరవకొండ వైపు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది: “సార్, డ్రైకి సమానార్థకాలుగా ఆరిడ్, పార్చ్‌డ్, డీహైడ్రేటెడ్ అని రాసినాను. మూడూ ఒకటేనా?”

కావమ్మా. ఆరిడ్ ముఖ్యంగా నేలకూ వాతావరణానికీ వాడే మాట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే మన అనంతపురాన్ని కొన్ని పుస్తకాలు ఆరిడ్ అంటాయి, కొన్ని సెమీ ఆరిడ్ అంటాయి. తడి ఆరిన టవల్‌ని ఆరిడ్ అనకూడదు. పార్చ్‌డ్‌లో ఎండ తీవ్రత ఉంది. వాన మొహం చాటేసి బుడ్డల (వేరుశనగ) చేను మాడిపోతే అది పార్చ్‌డ్, దాహంతో పిడచగట్టిన నోరూ పార్చ్‌డే. ఇక డీహైడ్రేటెడ్ అంటే లోపలి నీరు పోయినది: విరేచనాలతో నీరసించిన పిల్లాడు, నీరు తీసేసి నిలవచేసిన ఉల్లి ముక్కలు. వీటిలో ఎక్కువవాటికి చెల్లేది డ్రై ఒక్కటే.

రూపాల సంగతి తొందరగా చెప్పేస్తాను. డ్రయర్, డ్రయెస్ట్, డ్రైడ్ రాసేటప్పుడు చివరి వై పోయి ఐ వస్తుంది. డ్రైనెస్‌లో వై కదలదు. జుట్టు ఆరబెట్టే డ్రయర్‌కి ఎక్కువమంది వై ఉంచే రాస్తారు. డ్రైలీకి రెండూ ఒప్పే. కరువును చెప్పే డ్రౌట్, నీటిని బయటికి పంపే డ్రైన్ కూడా ఈ మాటకు చుట్టాలే.

నాకు బాధ కలిగించేది అనువాదం. డ్రై కనబడగానే ‘పొడి’ అని పెట్టేస్తున్నారు. పొడి దగ్గు సరే. డ్రై ల్యాండ్‌ని ‘పొడి భూమి’ అని రాస్తే ఏ రైతుకు అర్థమవుతుంది? అది మెట్ట. మనవైపు చేను అంటేనే వానమీద పండేదని తెలుస్తుంది, నీరు పారించేదైతే మడి అంటాం. మిరపకాయలైతే ఎండువి. పాలు మానేసిన ఎనుము వట్టిపోయిన ఎనుము. చెరువు నీళ్లు ఇంకిపోతాయి. ఆరడానికీ ఎండడానికీ కూడా తేడా ఉంది. పైతడి పోతే చాలు, ఆరిందంటాం: అలికిన నేల, కడిగిన గిన్నె. లోపలి పస కూడా పోతే ఎండిందంటాం. చింతచెట్టు ఎండుతుంది, ఆరిందని ఎవరూ అనరు. ఇన్ని మాటలు నోట్లో పెట్టుకుని అన్నిచోట్లా ‘పొడి’ రాయడం మన భాషకు అన్యాయం.

డ్రై హ్యూమర్ సంగతేమిటని కడప నుంచి ఒకాయన అడిగారు. తాను నవ్వకుండా, మామూలు మాట చెప్పినట్టే చెప్పి ఎదుటివాళ్లను నవ్వించడం అది. దానికి ఒక్క మాట వెతకడం కంటే ‘నవ్వకుండా నవ్వించడం’ అని రాస్తేనే బాగుంటుంది. డ్రై వైన్ అంటే తీపి లేనిది. డ్రై డే అంటే గాంధీ జయంతిలా మందు అమ్మని రోజు.

వట్టిపోయిన ఎనుముకు ఆదోని, ప్రొద్దుటూరు వైపు వేరే మాట ఉంటే కింద రాయండి.