"నీ ఐపీ అడ్రస్ నా దగ్గరుంది" అని బెదిరిస్తే భయపడాలా?

కేపీహెచ్‌బీ_గేమర్
ఆన్‌లైన్ గేమ్‌లో ఒకడితో గొడవైంది. వాయిస్ చాట్‌లో తిట్టుకున్నాం. కాసేపటికి నా ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరు) టైప్ చేసి "ఇల్లు కూడా తెలుసు, వస్తా" అన్నాడు. చెక్ చేస్తే ఆ నంబరు నిజంగా నాదే. ఇంట్లో చెప్తే నెట్ కట్ చేస్తారు. వాడు ఏం చేయగలడు?

ప్యాకెట్_పంతులు
ఏమీ చేయలేడు, పడుకో తమ్ముడూ. నువ్వు తెరిచే ప్రతి సైట్‌కూ నీ ఐపీ తెలుస్తుంది. తెలియకపోతే జవాబు ఎక్కడికి పంపాలి? ఆ నంబరు పెట్టి వెతికితే నెట్ ప్రొవైడర్ పేరు, ఊరు వస్తాయి. ఊరైనా కరెక్టని గ్యారంటీ లేదు. నేను మాదాపూర్‌లో ఉంటే ఒక సైట్ చెన్నై అని చూపిస్తోంది.

ఇంకో సంగతి. పాత రకం ఐపీలు ప్రపంచం మొత్తానికి 429 కోట్లే. అవి చాలక ప్రొవైడర్లు ఒకే ఐపీ వెనక చాలా ఇళ్లను పెడతారు. దీన్ని సీజీనాట్ అంటారు. మీ రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ రౌటర్‌కు ఇచ్చిన నంబరు) 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా ఉంటే నువ్వూ ఆ గుంపులోనే ఉన్నట్టు.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్
మరీ ఏమీ లేదనకండి పంతులూ. డీడాస్ చేసి, అంటే ఒకేసారి బోలెడంత ట్రాఫిక్ పంపి, ఆట మధ్యలో నెట్ పడగొట్టొచ్చు. రౌటర్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే వీలు) ఆన్‌లో ఉండి, పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అడ్మినే అయితే లోపలికి కూడా వస్తారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది ఇలా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ల వల్లే.

ప్యాకెట్_పంతులు
దానికి ఇతని ఐపీ తెలియాల్సిన పనే లేదు. అలాంటి మాల్‌వేర్లు ఐపీ నంబర్లన్నీ వరసగా తడుముకుంటూ పోతాయి. గొడవ పడినా పడకపోయినా వస్తాయి.

అమీర్‌పేట_హాస్టల్స్
ఏమీ చేయలేరా? మీరు ఏసీ రూములో కూర్చుని చెప్తారు సార్. నాకు అమీర్‌పేటలో రెండు హాస్టళ్లు ఉన్నాయి. మా వైఫై నుంచి ఎవడో ఒక అమ్మాయి పేరుతో ఫేక్ ఖాతా తెరిచి ఫొటోలు పెట్టాడు. స్టేషన్ నుంచి ఫోన్ నాకే వచ్చింది. నా పేరు, నా ఆధార్, నా అడ్రస్. వాడెవడో ఖాళీ చేసి ఎప్పుడో వెళ్లిపోయాడు. పని మానుకుని నేను తిరిగాను. ఐపీ తెలిస్తే ఏమీ కాదంటే నన్నెవరు పిలిచినట్టు?

ప్యాకెట్_పంతులు
మిమ్మల్ని పిలిచింది ఐపీ వల్ల కాదు, ప్రొవైడర్ దగ్గరున్న లాగ్ వల్ల, అంటే ఏ టైమ్‌కు ఏ ఐపీ ఎవరిదో రాసి ఉంచే రికార్డు వల్ల. పోలీసులు అడిగితే ఇస్తారు. గేమ్‌లో తిట్టినవాడు అడిగితే ఇవ్వరు. ప్రశ్న వాడి గురించి.

అమీర్‌పేట_హాస్టల్స్
రెండూ ఒకటే.

ప్యాకెట్_పంతులు
ఒకటి కాదు. మళ్లీ చెప్తున్నా, నా ఐపీకి చెన్నై చూపిస్తోంది.

అమీర్‌పేట_హాస్టల్స్
మీ చెన్నై మీరే ఉంచుకోండి. ఎస్సై గారు చెన్నైకి పోలేదు, సరాసరి అమీర్‌పేటకే వచ్చారు.

తార్నాక_తాతయ్య
మా కాలనీలో ఒక రిటైర్డ్ టీచర్ గారికి "మీ ఐపీ నుంచి అశ్లీల వీడియోలు చూశారు, సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం" అని వీడియో కాల్ వచ్చింది. ఆవిడ స్మార్ట్‌ఫోన్ కొన్నదే మనవడితో మాట్లాడటానికి. ఇలాంటి కాల్ వస్తే పెట్టేసి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో లేదు.

లకడీకాపూల్_లా
ఓనర్ గారి మాట తీసిపారేయకండి. 2007లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఆర్కుట్ అనే సోషల్ సైట్‌లో శివాజీని అవమానించే బొమ్మ పెట్టాడని కేసు. ప్రొవైడర్ ఆ ఐపీకి తప్పు కస్టమర్ పేరు ఇచ్చింది. సంబంధం లేని మనిషి 50 రోజులు జైల్లో ఉన్నాడు. అప్పటికి ఒకే ఐపీని ఇంతమంది పంచుకోవడం కూడా లేదు.

ప్యాకెట్_పంతులు
నేను చెప్పేదీ అదే కదా! ఐపీ ఒక్కటీ ఏమీ చెప్పదు. సీజీనాట్‌లో ఐపీతో పాటు పోర్ట్ నంబరు (ఒకే ఐపీ వెనకున్న కనెక్షన్లను విడదీసే నంబరు), సెకనుతో సహా టైమ్ ఉంటేనే ఏ కనెక్షనో తేలుతుంది. విదేశీ కంపెనీలు చాలావరకు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, టైమ్ ఇస్తాయి. దానికి ఐదున్నర గంటలు కలపడం మర్చిపోతే ఇంకొకడి ఇంటి తలుపు తడతారు.

లకడీకాపూల్_లా
మరి మొదటి పోస్టులో ఆ కుర్రాడితో పడుకోమన్నారు.

ప్యాకెట్_పంతులు
వాడితో వేరే ఏం చెప్పాలి? రాత్రంతా మేలుకొని కాపలా కాయమనా?

అమీర్‌పేట_హాస్టల్స్
అందుకే నేను జాగ్రత్త పడుతున్నాను. ఒక బాక్స్ పెట్టిస్తున్నా. ఎవరు ఏ టైమ్‌కు ఏ సైట్ తెరిచారో మొత్తం రికార్డు అవుతుంది. ప్రొవైడర్లు రెండేళ్లు లాగ్ ఉంచుతున్నారు, నేనెందుకు ఉంచకూడదు? నా పేరు మీద కనెక్షన్ ఉన్నప్పుడు నాకు తెలియాలి.

అశోక్‌నగర్_గ్రూప్‌2
సార్, మీ రెండు హాస్టళ్లలో అమ్మాయిలది ఉందా?

అమీర్‌పేట_హాస్టల్స్
ఒకటి లేడీస్‌దే. దానికేం?

అశోక్‌నగర్_గ్రూప్‌2
దానికేం అంటారా? ఇందాకటి నుంచి ఎవడో గేమ్ ఆడేవాడికి, పోలీసులకు ఐపీ తెలిస్తే ఏమవుతుందని కొట్టుకుంటున్నారు. మా ఫోన్లన్నీ రోజూ తెలిసేది హాస్టల్ ఓనర్‌కే. నేనుండేది అశోక్‌నగర్‌లో. మా ఆంటీ కూడా ఇలాంటి బాక్సే పెట్టింది. ఒక రోజు టిఫిన్ దగ్గర అందరి ముందు ఒక అమ్మాయిని "ప్రెగ్నెన్సీ గురించి ఎందుకు వెతుకుతున్నావ్" అని అడిగింది. ఆ పిల్ల వాళ్ల అక్క కోసం వెతికింది. ఎవరి కోసం వెతికితే మాత్రం ఆంటీకెందుకు?

అమీర్‌పేట_హాస్టల్స్
అందరినీ ఒకే గాట కట్టకమ్మా. నాకు కూతురుంది. నేను చూడను, కేసు వస్తేనే తీస్తా.

అశోక్‌నగర్_గ్రూప్‌2
చూడను అనేవాళ్లకు సైట్ల పేర్లు ఎందుకు? ఏ ఫోను ఎప్పుడు కనెక్ట్ అయింది అన్నంతవరకు చాలదా?

ప్యాకెట్_పంతులు
సైట్ పేరు వరకే కనిపిస్తుంది, లోపల ఏం చదివారో తెలియదు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌లోనే, అంటే లోపలి సమాచారానికి తాళం వేసి పంపే పద్ధతిలోనే, ఉన్నాయి. ఆంటీకి వెతికిన మాట కనిపించి ఉండదు, ఆసుపత్రి సైటో ఏదో చూసి ఊహించి ఉంటుంది.

అశోక్‌నగర్_గ్రూప్‌2
ఊహ చాలు కదా సార్ మా ఇంటికి ఫోన్ చేయడానికి. చేసింది కూడా.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్
😐

ప్యాకెట్_పంతులు
సరే, అది వేరే సంగతి. ఓనర్ గారూ, మీ బాక్స్ ఫోన్ల మ్యాక్ అడ్రస్ (వైఫైలో ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు) పట్టుకుని రాస్తుంటే మీకు ఉపయోగం తక్కువ. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. ఆ లాగ్‌తో ఎవరో మీరు తేల్చలేరు. ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ పెట్టండి. ఎవరికి ఏ టైమ్‌లో మీ వైఫైలో ఏ లోపలి ఐపీ ఇచ్చారో రాసి ఉంచండి, దానికి బయట వాడిన పోర్ట్‌తో సహా. సైట్ల పేర్లు ఆపేయండి. స్టేషన్‌లో మీకు కావాల్సింది ఏ ఐపీ, ఏ పోర్ట్ ఎవరిదో చెప్పే ఆ లింకే.

అమీర్‌పేట_హాస్టల్స్
ఓటీపీ సిస్టమ్‌కు ఎంతవుతుందో తెలుసా? నెలనెలా ఎస్‌ఎమ్‌ఎస్‌ల ఖర్చు వేరే. ఈ బాక్స్ ఒక్కసారి కొంటే అయిపోతుంది.

అశోక్‌నగర్_గ్రూప్‌2
అంటే చవగ్గా వస్తుందని మా సైట్లు రాసుకుంటారు. రూల్స్ పేపర్‌లో ఈ మాట రాసి సంతకం పెట్టించుకుంటారా? చేరేటప్పుడే తెలిస్తే చేరాలో వద్దో మేమే చూసుకుంటాం.

అమీర్‌పేట_హాస్టల్స్
అలా రాస్తే ఎవరు చేరతారు?

లకడీకాపూల్_లా
ఈ స్క్రీన్‌షాట్ దాచుకుంటున్నా.

కేపీహెచ్‌బీ_గేమర్
అన్నలూ, రౌటర్ ఆపి ఆన్ చేస్తే ఐపీ మారింది. వాడు మళ్లీ రాలేదు. వాయిస్ చాట్ నేరుగా ఇద్దరి మధ్య నడిచినందుకే దొరికిందట. వాట్సాప్‌లో కూడా అంతే, ప్రైవసీ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కాల్స్‌లో ఐపీ దాచేది ఆన్ చేశాను.

అశోక్‌నగర్_గ్రూప్‌2
మంచిది తమ్ముడూ. ఓనర్ గారూ, వైఫై వద్దు, మా సొంత డేటా వాడుకుంటాం అంటే అద్దెలో ఎంత తగ్గిస్తారు?

అమీర్‌పేట_హాస్టల్స్
వైఫై ఫ్రీ అమ్మా. ఫ్రీగా ఇచ్చేదానికి తగ్గించడం ఏముంటుంది?