బాస్కెట్‌బాల్: రెండో సగంలోనూ అదే 2-3 జోన్, కోచ్ ఎందుకు మార్చడు?

జోన్_బాధితుడు
మా కాలేజీ టీం జోన్ (ముందు ఇద్దరు గార్డ్లు, వెనక ఇద్దరు ఫార్వర్డ్లు, మధ్యలో సెంటర్, ఒక్కొక్కరు ఒక్కో చోటు కాసే డిఫెన్స్) మళ్లీ అదే చోట చిరిగింది. ఫ్రీత్రో లైన్ దగ్గర ఒకడు నిలబడతాడు, బంతి వాడికి చేరుతుంది. మన సెంటర్ పైకి వస్తే వెనక లాబ్ (ఎత్తు పాస్), రాకపోతే వాడే తిరిగి కార్నర్‌కి పాస్, త్రీ (గీత బయటి నుంచి మూడు పాయింట్ల షాట్). హాఫ్‌టైం తర్వాతా ఇదే సినిమా. మూడు ప్రశ్నలు: తప్పు జోన్‌దా, ఆటగాళ్లదా? మ్యాచ్ మధ్యలో మ్యాన్‌కి (ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాసే డిఫెన్స్‌కి) మారడం అంత కష్టమా? రీబౌండ్లు (మిస్ అయిన షాట్ల బంతులు) ఇన్ని ఎందుకు వదిలేస్తున్నాం?

బేస్‌లైన్_బాబాయ్
జోన్‌ది తప్పయితే జోన్ ఆడించిన కోచ్ బేహైమ్ టీం సిరక్యూస్‌కి 2003లో అమెరికా కాలేజీ టైటిల్ ఎలా వచ్చింది? కాన్సస్ మీద 81-78. ఆఖర్లో వాళ్ల హకీమ్ వారిక్ ఎగిరి ఆపింది కార్నర్ త్రీనే. అంత పొడుగు చేతులవాళ్లను తెచ్చుకోకుండా జోన్ ఆడితే చిల్లు పడక ఏమవుతుంది?

టేపు_కొలత
బాబాయ్, 2003లో త్రీ లైన్ 19 అడుగుల 9 అంగుళాలు. 2019-20 నుంచి 22 అడుగుల ఒకటి ముప్పావు అంగుళాలు, కార్నర్‌లో కొంచెం తక్కువ. ఫార్వర్డ్ పరుగు అంతమేర పెరిగింది. బంతి వింగ్‌కి (పక్కకి) వెళ్లగానే ఫార్వర్డ్ పైకొచ్చి ఆపాలి, గార్డ్ చేరుకోగానే కిందికి దిగాలి. ఆ బంప్‌లో (ఒకరి నుంచి ఒకరు అందుకునే పనిలో) గార్డ్ ఒక్క అడుగు ఆలస్యమైతే ఫార్వర్డ్ పైనే ఇరుక్కుంటాడు, కార్నర్ ఖాళీ. వీళ్ల గార్డ్లు పాస్ గాల్లో ఉండగా కదలరు, బంతి అవతల చేతిలో పడ్డాక కదులుతారు. జబ్బు అక్కడుంది, చేతుల పొడవులో కాదు.

హైపోస్ట్
కార్నర్ తర్వాత సంగతి. ముందు ఫ్రీత్రో లైన్ మూయాలి. బంతి ఒక పక్కకు వెళ్లగానే రెండో పక్క గార్డ్ హైపోస్ట్ (ఫ్రీత్రో లైన్ దగ్గరి చోటు) వాడి ముందుకు దిగాలి, సెంటర్ కదలకూడదు. సెంటర్ పైకొచ్చాడంటే ఆ పొసెషన్ (బంతి వంతు) పోయినట్టే.

ప్యాక్‌లైన్_భక్తుడు
ఈ తలనొప్పి లేకుండా ప్యాక్‌లైన్ ఆడొచ్చుగా! బంతి మీద ఒకడు ఒత్తిడి పెడతాడు, మిగతా నలుగురూ బుట్టకి సుమారు 16 అడుగుల ఊహా గీత లోపల. పాస్‌లు ఆపే పని లేదు, డ్రైవ్ ఆపితే చాలు. వర్జీనియాలో కోచ్ టోనీ బెనెట్ చూపించాడుగా.

టేపు_కొలత
చూపించాడు, 2018లో యూఎంబీసీ మీద. హాఫ్‌టైంకి 21-21. రెండో సగంలో 53 ఇచ్చి 54-74తో ఓడారు. 16వ సీడ్ (టోర్నీ ర్యాంక్) చేతిలో మొదటి సీడ్! సర్దుబాటు లేని డిఫెన్స్‌కి అంతకంటే పెద్ద ఉదాహరణ ఇంకోటి లేదు.

ప్యాక్‌లైన్_భక్తుడు
సగం చెప్పి వదిలేయకండి. వర్జీనియా ఆటగాడు డిఆండ్రే హంటర్ మణికట్టు విరిగి ఆడలేదు. పైగా వర్జీనియా త్రీలు 22కి 4. అంత నెమ్మదిగా ఆడే టీం వెనకబడితే పొసెషన్లు సరిపోవు. అది అటాక్ ఓటమి.

టేపు_కొలత
యూఎంబీసీ త్రీలు 24కి 12. అవి కూడా అటాక్ ఓటమేనా? చురుకైన గార్డ్లు డ్రైవ్ చేసి బయటికి కొట్టారు, గీత లోపలున్నవాళ్లు క్లోజౌట్‌కి (షూటర్ మీదికి పరిగెత్తి అడ్డుకోడానికి) చేరుకోలేకపోయారు. వాళ్ల లైల్స్ ఒక్కడికే 28 పాయింట్లు.

ప్యాక్‌లైన్_భక్తుడు
మరుసటి ఏడాది అదే ప్యాక్‌లైన్‌తో టైటిల్! టెక్సాస్ టెక్ మీద ఓవర్‌టైంలో 85-77. బాల్ స్క్రీన్లు (బంతి ఉన్నవాణ్ణి కాసేవాడికి తోటివాడు అడ్డు నిలబడడం) పెంచి అటాక్ మార్చాడు, డిఫెన్స్ ముట్టుకోలేదు. ఒక్క రాత్రి చూసి తీర్పులిస్తారు.

జోన్_బాధితుడు
వర్జీనియా పంచాయితీ వేరే చోట పెట్టుకోండి స్వామీ. నేనడిగింది మారడం గురించి.

క్లిప్‌బోర్డ్
కోచింగ్ క్లినిక్‌లు నడిపేవాణ్ణి, నా మాట వినండి. సంకేతం ముందే కుదిరితే మారడం పెద్ద పని కాదు. మన షాట్ పడితే వెనక్కెళ్లి జోన్, మిస్ అయితే మ్యాన్. ఎదుటి గార్డ్ రెండు మూడు పొసెషన్లలో కనిపెట్టేస్తాడు, అప్పుడు తిరగేయాలి. ఇంకోటి: ముప్పావు కోర్టులో 2-2-1 ప్రెస్ (బంతిని ముందుకు తేనీయకుండా ఒత్తిడి) వేసి జోన్‌లోకి జారిపోవడం. బంతి లాక్కోవడానికి కాదు, 30 సెకన్ల షాట్ క్లాక్‌లో ఏడెనిమిది తినడానికి. హైపోస్ట్ వాడికి బంతి చేరేసరికి వాళ్లకి రెండో ఆలోచనకు టైం ఉండదు.

బేస్‌లైన్_బాబాయ్
క్లినిక్ పెట్టినవాళ్లందరూ కోచ్‌లైతే బాగానే ఉండు. సీజనంతా జోనే ప్రాక్టీస్ చేసినవాళ్లు ఒక్కసారిగా మ్యాన్‌లోకి వస్తే బాల్ స్క్రీన్ దగ్గర సెంటర్ కిందికి దిగాలా, పైకి రావాలా, సైడ్‌కి తోయాలా? ఎవరికీ తెలీదు. ఇద్దరూ బంతి మీదికెళ్లి రోలర్‌ని (స్క్రీన్ పెట్టి బుట్ట వైపు వెళ్లేవాణ్ణి) వదిలేస్తారు. ఫౌల్స్ పెరుగుతాయి. సగంలో ఏడో టీం ఫౌల్‌కి వన్-అండ్-వన్ (మొదటి ఫ్రీత్రో పడితేనే రెండోది), పదికి రెండు షాట్లు.

క్లిప్‌బోర్డ్
అందుకే స్క్రీన్‌కి ఒకే కవరేజ్ (ఒకే జవాబు) నేర్పమంటాను. డ్రాప్ (సెంటర్ కిందికి దిగడం) ఒక్కటి చాలు. మాట్లాడేముందు చదవండి.

హైపోస్ట్
వాళ్లు 10-0 రన్‌లో (వరుసగా పది పాయింట్లు కొడుతూ) ఉంటే కోచ్ టైమౌట్ కూడా తీసుకోడు, ఇంకెక్కడి కవరేజ్?

సైడ్‌లైన్
రెండో సగం, ఓవర్‌టైంల ఆఖరి రెండు నిమిషాలు తప్ప, బంతి ఆటలో ఉండగా కోచ్ టైమౌట్ అడగలేడు, 2015-16లో తీసేశారు. బంతి చేతిలో ఉన్న టీం ఆటగాడే అడగాలి. అయినా సాకు కుదరదు. గడియారం 16, 12, 8, 4 నిమిషాల కిందకి వచ్చాక మొదటి డెడ్ బాల్‌కి (ఆట ఆగినప్పుడు) మీడియా టైమౌట్ (టీవీ ప్రకటనల విరామం), అంటే సగానికి నాలుగు ఉచితం.
ఎవరూ గమనించని ఇంకో సంగతి. కాలేజీలో మొదటి సగం డిఫెన్స్ మన బెంచ్ ముందే, రెండో సగంలో అవతలి చివర. మొదటి సగంలో అరిచి సర్దిన రొటేషన్లు తర్వాత వినపడవు. సెంటర్ నోరు విప్పాలి. వీళ్ల సెంటర్ మూగనోము పట్టాడు.

జోన్_బాధితుడు
ఇది పనికొచ్చే మాట. రీబౌండ్ల సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

హైపోస్ట్
జోన్‌లో నీకంటూ మనిషి ఉండడు కాబట్టి అందరూ బంతిని చూస్తారు, ఎవణ్ణీ అడ్డుకోరు. కార్నర్ త్రీ మిస్ ఎక్కువగా అవతలి పక్కకి, దూరంగా పడుతుంది. ఆ పక్క ఫార్వర్డ్ షాట్ లేవగానే బుట్ట చూడకుండా వెనక్కి తిరిగి దొరికినవాడికి వీపు ఆనించాలి. మధ్యలో సెంటర్, ఫ్రీత్రో లైన్ మీద ఒక గార్డ్. రెండో గార్డ్ ఫాస్ట్‌బ్రేక్ ఆశతో పరిగెత్తడం మానాలి.

ప్యాక్‌లైన్_భక్తుడు
ప్యాక్‌లైన్‌లో ఈ గొడవే లేదు, నలుగురూ ముందే లోపలుంటారు.

టేపు_కొలత
మళ్లీ మొదలుపెట్టాడు.