ఆర్‌వీ ఫ్రిజ్ ఐస్‌లో చేదు: ఫిల్టర్ మార్చాలా, లైన్ కడగాలా?

షికాగో_ప్రయాణాలు:
చలికాలమంతా మూసి ఉంచిన మా ఆర్‌వీ ట్రైలర్‌ని (ఇల్లులా వాడుకునే ప్రయాణ బండి) మొన్న బయటికి తీశాం. కుళాయి నీళ్ళు బాగానే ఉన్నాయి కానీ, ఐస్ మేకర్ నుంచి వచ్చే ఐస్ నోట్లో పెట్టుకోలేకపోతున్నాం. ముందు కాస్త తియ్యగా, ఆ వెంటనే చేదుగా, ప్లాస్టిక్ వాసనతో ఉంటోంది. చలికాలం ముందు వింటరైజ్ చేసినవాళ్ళు (అంటే చలికి పైపులు పగలకుండా సిద్ధం చేసినవాళ్ళు) పైపుల్లోకి పింక్ యాంటీఫ్రీజ్, అంటే చలికి గడ్డకట్టని ద్రవం, పంపారు. ఒక స్నేహితుడు ఫిల్టర్ మార్చమంటున్నాడు. ఇంకొకాయన ట్యాంకులో బ్లీచ్ పోయమంటున్నారు. వచ్చే నెల పిల్లలతో ఎల్లోస్టోన్ వెళ్ళాలి, అందుకే టెన్షన్. ఎవరి మాట వినాలి?

ఆస్టిన్_నాన్న:
ఫిల్టరే మార్చండి. ఐస్ మేకర్ లైన్‌కి బిగించే చిన్న కార్బన్ ఫిల్టర్ దొరుకుతుంది. రుచి, వాసనల కోసమైతే దాని మీద ఎన్ఎస్ఎఫ్ 42 అని (రుచి, వాసనలకు సంబంధించిన ఫిల్టర్ ప్రమాణం అది) ఉందో లేదో చూసుకోండి. క్యాంప్‌గ్రౌండ్ నీళ్ళలో క్లోరిన్ ఎక్కువగా ఉన్నా అది లాగేస్తుంది. సీజన్‌కొకటి మారిస్తే చాలు. పైపులన్నీ విప్పి కడగడం అనవసర శ్రమ.

మిన్నసోటా_చలి:
ఆస్టిన్ అన్నా, క్లోరిన్ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ వీళ్ళ ఇబ్బంది క్లోరిన్ కాదు. తీపి, చేదు కలిసి వస్తున్నాయంటే నాకు మొదటి అనుమానం యాంటీఫ్రీజ్ మీదే. అందులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ నీళ్ళలో పూర్తిగా కలిసిపోతుంది, కార్బన్ దాన్ని సరిగా పట్టుకోలేదు. బ్లీచ్ క్రిముల్ని చంపుతుంది తప్ప గ్లైకాల్‌ని తీసేయదు. గ్లైకాల్ పోవాలంటే ఆ దారిలో మంచి నీళ్ళు ధారాళంగా పారాల్సిందే.

కుళాయి తిప్పితే పైపులు నిమిషాల్లో శుభ్రపడతాయి. ఐస్ మేకర్ లైన్ అలా కాదు. పావు అంగుళం గొట్టంలోంచి ఒక్కో విడతకు ఐస్ ముక్కల అచ్చు నిండేటన్ని నీళ్ళే కదులుతాయి. అందుకే కుళాయి నీళ్ళు బాగున్నా ఐస్ మాత్రం చేదుగా వస్తుంది. పైగా గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ వెనక భాగం బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలో ప్లాస్టిక్ గొట్టంలో నిలవున్న నీళ్ళకు ప్లాస్టిక్ రుచి పట్టేస్తుంది.

షికాగో గారూ, డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అదే కుళాయి నీళ్ళు మూత ఉన్న ట్రేలో పోసి, అదే ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. ట్రే ఐస్ బాగుండి మేకర్ ఐస్ చేదుగా ఉంటే తప్పు లైన్‌దో ఫిల్టర్‌దో. రెండూ చేదైతే తప్పు నీళ్ళదే.

ఇంకో మాట, ఆర్‌వీల కోసం అమ్మే ఈ పింక్‌ది కారు రేడియేటర్లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ లాంటి విషం కాదు. కంగారు పడకండి, అలాగని ఆ ఐస్ పిల్లలకు ఇవ్వకండి.

టాంపా_వంటిల్లు:
ఫ్రీజర్ గాలిని కూడా చూడు తమ్ముడూ. చలికాలమంతా తలుపు బిగించి ఉంచితే లోపల బూజు వాసన పట్టేస్తుంది, తలుపు కాస్త తెరిచి ఉంచాలి. ఆ చిన్న ఫ్రిజ్‌లోనే మన ఇంగువ పులిహోర, ఆవకాయ, చేపల కూర సర్దుతాం. ఐస్ డబ్బాకి మూత ఉండదు, ఆ వాసనలన్నీ ఐస్‌కి ఎక్కుతాయి. ఇంకోటి, మా ఫ్లోరిడాలో కొన్నిచోట్ల బావి నీళ్ళకే కుళ్ళిన గుడ్డు వాసన. క్యాంప్‌గ్రౌండ్‌లో గొట్టం తగిలించే ముందు ఒక గ్లాసు పట్టి వాసన చూడడం నాకు అలవాటు.

డెన్వర్_తెలుగు:
అసలు తప్పు యాంటీఫ్రీజ్‌ని ఐస్ మేకర్‌లోకి పంపడం. కంప్రెసర్ గాలితో ఊదేస్తే సరిపోతుంది. తాగే నీళ్ళ దారిలో రసాయనం ఎందుకండీ?

మిన్నసోటా_చలి:
వినడానికి బాగుంది కానీ, మా చలికి ఆ ధైర్యం చేయలేను. ఐస్ మేకర్‌లోకి నీళ్ళు వదిలే వాల్వ్ కరెంటు అందితేనే తెరుచుకుంటుంది. మూసి ఉన్న వాల్వ్ మీద ఎంత గాలి ఊదినా లోపలి నీళ్ళు లోపలే ఉంటాయి. అవి గడ్డకట్టి వాల్వ్ పగిలితే వసంతంలో ఫ్రిజ్ వెనకంతా నీళ్ళే.

డెన్వర్_తెలుగు:
అందుకే ఐస్ మేకర్‌ని ఆన్‌లో పెట్టి, నీళ్ళు తీసుకునే సమయానికి గాలి పట్టాలి. లేదా వాల్వ్ దగ్గర గొట్టం విప్పి నీళ్ళు కార్చేయాలి. చాలా ఫ్రిజ్‌లకు ట్రైలర్ బయటివైపు ఉన్న జాలీ తలుపు తీస్తే వాల్వ్ కనిపిస్తుంది. ఒక గంట ఓపిక పడితే వసంతంలో ఈ చేదు గోల ఉండదు.

షికాగో_ప్రయాణాలు:
పరీక్ష చేశాను. ట్రే ఐస్‌కి ఏ రుచీ లేదు, మేకర్ ఐస్ అలాగే చేదు. ఫిల్టర్ విప్పి చూస్తే లోపల కొద్దిగా పింక్ రంగు. ఇప్పుడు ఏం చేయాలి?

ఆస్టిన్_నాన్న:
అయితే ఆ ఫిల్టర్ పారేయాల్సిందే. ఈ కేసులో మిన్నసోటా గారి మాటే సరైంది. లైన్ శుభ్రపడ్డాకే కొత్తది బిగించండి.

మిన్నసోటా_చలి:
ఫిల్టర్ లేకుండా, వాల్వ్‌కి వచ్చే గొట్టం విప్పి బకెట్‌లోకి వదలండి, రుచి పోయేదాకా. ట్యాంకుని కూడా ఎప్పట్నుంచో శుద్ధి చేయకపోతే ఇదే సమయం: ప్రతి 15 గ్యాలన్లకు పావు కప్పు మామూలు బ్లీచ్, సువాసన కలిపింది వద్దు. అన్ని కుళాయిల్లో క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి, మొత్తం ఖాళీ చేసి మంచి నీళ్ళతో కడగండి. బ్లీచ్‌లో వెనిగర్ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

తర్వాత గొట్టం, కొత్త ఫిల్టర్ బిగించి, మొదటి రెండు మూడు డబ్బాల ఐస్ పారబోయండి. వాల్వ్ నుంచి అచ్చుదాకా మిగిలిన గ్లైకాల్ ఆ ఐస్‌తోనే బయటికి పోతుంది. ఈసారి చలికాలానికి పింక్‌దే వాడితే ముందు ఫిల్టర్ తీసి పక్కన పెట్టమని వాళ్ళకు గట్టిగా చెప్పండి.

డెన్వర్_తెలుగు:
లేదా నేను చెప్పినట్టు గాలి పట్టించండి. షికాగో చలికైనా, వాల్వ్ దగ్గర గొట్టం విప్పి కార్చేస్తే లైన్‌కి ఏమీ కాదనే నా మాట.