కానుకల లెక్కలపై సంఘం రెండుగా చీలుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ వందనాలు. మందిర నిర్మాణ కానుకల లెక్కల విషయమై మా సంఘ పెద్దలు రెండు వర్గాలయ్యారు. కొందరు కోర్టుకు వెళ్దామంటున్నారు. ఐక్యతను ఎలా కాపాడుకోవాలి?

జవాబు: మత్తయి 18:15-17 చెప్పిన వరుసను తప్పకండి. మొదట ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లాలి, ఆ తర్వాతే సంఘానికి తెలపాలి. మన దగ్గర గొడవ వాట్సాప్ గ్రూపులోనే మొదలవుతోంది, అది నన్నెంతో బాధిస్తోంది.

జవాబు: సహోదరుని మాట నిజమే గానీ, లెక్కలు దాచి ఐక్యతను కోరడం న్యాయం కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు జరిగే పంచిపెట్టడంపై సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు దాన్ని అణచివేయక, ఏడుగురిని ఏర్పరచుకొమ్మని విశ్వాసుల సమూహానికే అప్పగించారు. రసీదు పుస్తకాలను, బ్యాంకు పాసుపుస్తకాన్ని ఇరువర్గాల ముందు తెరవండి.

జవాబు: కోర్టు మాటకు ముందు, విశ్వాసులు ఒకరిపై ఒకరు న్యాయస్థానానికి వెళ్లడాన్ని పౌలు తప్పుపట్టిన 1 కొరింథీయులకు 6వ అధ్యాయం చదవండి. అయితే సొమ్ము నిజంగానే స్వాహా అయివుంటే, దాన్ని చట్టానికి అప్పగించడం విభేదం పెంచడం కాదు.