మిల్స్ బ్రదర్స్: నోటి బాకా ఆగాక పాట పలచబడిందా?

లక్కప్లేటు:
నా మాట ముందే చెప్పేస్తాను, ఆపైన ఎవరైనా కాదనండి. మిల్స్ బ్రదర్స్ అనే అమెరికా గాయక బృందం అసలు సరుకంతా 1931 నుంచి 1935 దాకానే. 1942లో ‘పేపర్ డాల్’ రికార్డు చేసిన దగ్గర్నుంచీ వచ్చినవి వినసొంపుగానే ఉంటాయి. కానీ అలా పాడేవాళ్ళు అప్పటి అమెరికాలో ఇంకా ఉన్నారు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒహాయో రాష్ట్రంలో పిక్వా అనే చిన్న ఊరు. మంగలి షాపు నడిపే జాన్ మిల్స్‌కి నలుగురు కొడుకులు: జాన్ జూనియర్, హెర్బర్ట్, హ్యారీ, డొనాల్డ్. సిన్సినాటి రేడియోలో పేరొచ్చి న్యూయార్క్ చేరారు. 1931 అక్టోబరులో బ్రన్స్‌విక్ కంపెనీకి ‘టైగర్ రాగ్’ పాడారు, వెనకవైపు ‘నోబడీస్ స్వీట్‌హార్ట్’. వింటే బ్యాండు మేళం మొత్తం ఉందనిపిస్తుంది. ఉన్నది ఒక్క గిటారు. జాన్ జూనియర్ గొంతుతో ట్యూబా (లావు మంద్రం బాకా), హ్యారీ ట్రంపెట్, హెర్బర్ట్ రెండో ట్రంపెట్, డొనాల్డ్ ట్రాంబోన్. జనం నమ్మరని కంపెనీయే లేబుల్ మీద అచ్చు వేసింది, ఇందులో ఒక్క గిటారు తప్ప వాద్యంగానీ యంత్రంగానీ లేదని.

ఇక 1952లో వచ్చిన ‘గ్లో వర్మ్’ వినండి. వెనక హాల్ మెకింటైర్ ఆర్కెస్ట్రా, నిజం బాకాలు. సొంత గొంతుతో బాకా ఊదగలిగినవాళ్ళకి అద్దె బాకాలెందుకండీ?

మంద్రస్థాయి:
లక్కప్లేటు గారూ, మీరు తేదీ చూస్తున్నారు, మనిషిని చూడటం లేదు. మార్పు 1942లో రాలేదు. 1936 జనవరిలో జాన్ జూనియర్ చనిపోయినప్పుడే వచ్చింది. అప్పటికి పాతికేళ్ళు. ట్యూబా ఆయనదే, గిటారూ ఆయనదే. ఒక్క మనిషి పోతే రెండు వాద్యాలు పోయాయి.

మంద్రం పాడటానికి తండ్రి జాన్ సీనియర్ వచ్చి చేరాడు. ఆయనది బార్బర్‌షాప్ క్వార్టెట్ బాణీ, అంటే వాద్యం లేకుండా నలుగురు నాలుగు స్వరాల్లో కలిసి పాడేది. గిటారుకి బయటి మనిషి కావలసి వచ్చింది: ముందు బెర్నార్డ్ అడిసన్, 1938 నుంచి నార్మన్ బ్రౌన్. కొడుకు మంద్రానికీ తండ్రి మంద్రానికీ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. కొడుకు ‘బుం, బుం’ అని కొట్టి వదిలేస్తాడు, మృదంగం ఎడమవైపు దెబ్బలాగా. తండ్రి స్వరాన్ని పట్టి నిలబెడతాడు, తంబురా మంద్ర షడ్జంలాగా. కొట్టే మంద్రం మీద బాకా నిలుస్తుంది. నిలిపే మంద్రం మీద నిలిచేది నాలుగు గొంతుల స్వరమేళం. ఉన్న గొంతుకి తగ్గట్టు ఇల్లు మళ్ళీ కట్టుకున్నారు, అంతే.

మీరు లెక్కలోకి తీసుకోని సంగతి ఇంకోటుంది. ‘టైగర్ రాగ్’లో ఒకరు ట్యూబా, ఒకరు ట్రంపెట్ అయ్యాక స్వరమేళానికి మిగిలేది ఇద్దరే. నలుగురూ కలిసి నాలుగు స్వరాలు పట్టే చోట్లు అందులో తక్కువ. మన లెక్కలో చెప్పాలంటే బార్బర్‌షాప్‌వాళ్ళకి ప్రాణమైన మేళం ఇది: ఒకరు షడ్జం, ఒకరు అంతర గాంధారం, ఒకరు పంచమం, ఒకరు కైశికి నిషాదం, నలుగురూ ఒకే క్షణంలో పలికి ఒకే క్షణంలో పక్క మెట్టుకి జరగాలి. అసలు వరస పై నుంచి రెండో గొంతులో ఉంటుంది, దాని మీద ఇంకో సన్నగొంతు. ‘పేపర్ డాల్’లో ఆ నాలుగో గొంతు ఖాళీగా దొరికింది కాబట్టే మేళం నిండింది. పలచబడిందంటున్నారు గానీ, గొంతులు లెక్కపెడితే చిక్కబడింది.

స్వరజతి:
నోటి బాకా ఎలా పుడుతుందో చెబితే వాదన తేలికవుతుందేమో.

చెప్పుకునే కథ ఇదీ: పిక్వాలో ఒక పోటీకి వెళ్ళి హ్యారీ కజూ పోగొట్టుకున్నాడు. (కజూ అంటే నోట పెట్టుకుని కూనిరాగం తీస్తే బుర్రుమనే గొట్టం.) చేతులు దొప్పలా చేసి నోటికి అడ్డం పెట్టుకుని లాగించేశాడు. కథ సంగతెలా ఉన్నా పద్ధతి అదే. పెదాలు బిగించి, కొండనాలుక వెనక నుంచి సన్నటి గొంతు తీస్తే అది పచ్చి గొంతులాగే ఉంటుంది. రెండు అరచేతులూ దొప్ప చేసి మూస్తే పై ధ్వనులు తెగి, నడిమి ధ్వనులు మిగిలి, మూత బిగించిన ట్రంపెట్‌లా వినిపిస్తుంది. దొప్ప తెరిచి మూస్తుంటే ‘వా-వా’ వస్తుంది. స్వరం మొదలయ్యేచోట ‘త’ అనో ‘ద’ అనో నాలుక కొట్టాలి. అది లేకపోతే ట్రంపెట్ కాదు, పిల్లి కూత. చాలామంది అనుకరణలు తేలిపోయేది ఇక్కడే. గొంతు సరిపోతుంది, నాలుక దెబ్బ ఉండదు.

ట్యూబాకైతే మైకు తప్పదు. ఆ కాలపు రిబ్బన్ మైకుకి దగ్గరగా నిలబడితే మంద్రం లావెక్కుతుంది. 1925కి ముందు బూర ముందు నిలబడి పాడే పద్ధతిలో ఈ ట్యూబా రికార్డుకి ఎక్కేదే కాదు. ఈ కళ రేడియోతో, విద్యుత్ రికార్డింగుతో పుట్టింది.

వయసు కూడా చూడండి. ‘టైగర్ రాగ్’ నాటికి డొనాల్డ్‌కి 16 ఏళ్ళు, పెద్దవాడు జాన్‌కి ఇంకా 21 నిండలేదు. ఆ వేగంలో నాలుక దెబ్బ, ఆ ఊపిరి నలభై ఏళ్ళకి ఎంతమందికి మిగులుతాయి?

లక్కప్లేటు:
మంద్రస్థాయి గారి గొంతుల లెక్క బాగుంది, ఆలోచించాల్సిందే. కానీ ‘పేపర్ డాల్’కి వచ్చిన పేరు పాట బలం కాదు, సమ్మె బలం. 1942 ఆగస్టు 1 నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. కొత్త సరుకు లేని బజారులో ఏది పెట్టినా పోతుంది. దానికి తోడు ఇంకో గాయక బృందం ఇంక్ స్పాట్స్‌వాళ్ళు 1939లో ‘ఇఫ్ ఐ డిడింట్ కేర్’తో వీళ్ళు పాడే డెక్కా కంపెనీలోనే నెమ్మది పాటకి గిరాకీ తెచ్చారు. వీళ్ళు ఆ దారే పట్టారు.

గిటారుతీగ:
సమ్మె సంగతి సగం ఒప్పుకుంటాను. తేదీలు పక్కపక్కన పెట్టండి. ‘పేపర్ డాల్’ రికార్డయింది 1942 ఫిబ్రవరిలో, సమ్మెకి ముందు. ప్లేటుకి మొదటివైపు ‘ఐల్ బీ అరౌండ్’. ‘పేపర్ డాల్’ వెనకవైపు పాట. పాట కూడా కొత్తది కాదు, జానీ బ్లాక్ 1915లో రాసినది. డెక్కా 1943 సెప్టెంబరులో సంఘంతో రాజీపడింది. పాట అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో మొదటిస్థానానికి ఎక్కింది నవంబరులో, అక్కడ 12 వారాలు ఉంది. అంటే పోటీ లేని నెలల్లో మెల్లగా పాకి, తన కంపెనీకి తలుపులు తెరుచుకున్నాక శిఖరానికి చేరింది. సమ్మె దారి చూపి ఉండొచ్చు, పన్నెండు వారాలు కూర్చోబెట్టలేదు. 1944లో ‘యు ఆల్వేస్ హర్ట్ ద వన్ యు లవ్’ కూడా మొదటిస్థానం. అప్పటికి డెక్కాకి సమ్మె లేదు.

ఇక్కడ ఒక తమాషా. సంఘం లెక్కలో గొంతు వాద్యం కాదు కాబట్టి సమ్మెలో గాయకులు ఉత్త గొంతులతో రికార్డు చేసుకోవచ్చు, చాలామంది చేశారు కూడా. ‘వాద్యాలు లేవు’ అని లేబుల్ మీద వేయించుకున్న మన అన్నదమ్ముల పద్ధతికి మాత్రం ఆ ఒక్క గిటారు అడ్డం!

ఇంక్ స్పాట్స్‌తో పోలికా కుదరదు. వాళ్ళది ఒక అచ్చు: గిటారు మొదలు, ఒక సన్నగొంతు పూర్తిగా పాడటం, తర్వాత లావుగొంతు అదే చరణాన్ని మాటల్లో చెప్పడం. ‘పేపర్ డాల్’ నెమ్మదిగా మొదలై, సగం దాటాక లయ మారి ఊపందుకుంటుంది. మాటలు చెప్పే లావుగొంతు లేదు. ఆ రెండో సగంలో వెనక ఉన్న గొంతులు మాటల్ని విరిచి తోసే తీరు పది ఇరవైసార్లు వినండి, 1931 నాటి బాకాల విరుపే అది. బాకా పోయింది, విరుపు మిగిలింది.

పాతముల్లు:
అందరూ వాదిస్తున్నారు సరే, వింటున్నది ఏ కాపీ? ఈ ప్రశ్న లేకుండా మిల్స్ బ్రదర్స్ మీద తీర్పు చెప్పకూడదు. ఎందుకంటే 1958 నుంచి డాట్ కంపెనీకి తమ పాత పాటల్నే మళ్ళీ పాడారు. చవక సంకలనాల్లో ‘పేపర్ డాల్’ పేరుతో తరచూ దొరికేది ఆ రెండో పాడటమే. అప్పటికి తండ్రి తప్పుకున్నాడు, మిగిలింది ముగ్గురు. మంద్రం లేని ‘పేపర్ డాల్’ విని పలచగా ఉందంటే తప్పు 1942ది కాదు.

పట్టుకునే పద్ధతి: ఫైలుని ఏదైనా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఒక ఛానెల్‌ని తలకిందులు చేసి రెంటినీ కలపండి. మొత్తం నిశ్శబ్దమైతే మోనో, అసలుది కావడానికి అవకాశం ఎక్కువ. మధ్యలో ఉన్న గొంతు మాయమై పక్క వాద్యాలో ప్రతిధ్వనో మిగిలితే నిజమైన స్టీరియో, అంటే మళ్ళీ పాడినది. మాటలు తెలుస్తూనే ఉండి, ధ్వని రేకుడబ్బాలోంచి వచ్చినట్టు పలచగా మిగిలితే మోనోకి దొంగ స్టీరియో రంగు వేసినది. 1960లలో ఎల్పీలకి ఈ పని తెగ చేశారు. దాన్ని వినకండి.

పాత 78 ప్లేటే (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఉన్నవాళ్ళకి:

ముల్లు 3 మిల్ ఉండాలి, సుమారు 75 మైక్రాన్లు. ఎల్పీ ముల్లు (1 మిల్) పెడితే గాడి అడుగున దుమ్ములో ఈదుతుంది, గరగర తప్ప ఏమీ రాదు. కార్ట్రిడ్జి స్టీరియోదైతే కుడి ఎడమలు కలిపేయండి. ముల్లు పైకీ కిందకీ ఎగరడం వల్ల వచ్చే రొద చాలావరకు పోతుంది.

వేగం సరిచూసే చారల చక్రం అమెరికాదైతే 92 చారలుంటాయి, అది 60 హెర్ట్జ్ కరెంటుకి. మనది 50 హెర్ట్జ్, 77 చారలది కావాలి. తెలియక 92 చారలది పెట్టి చారలు నిలిచేదాకా తిప్పితే ప్లేటు 78కి బదులు 65 దగ్గర తిరుగుతుంది, అన్నదమ్ములు నలుగురూ తాతలైపోతారు. ఎల్ఈడీ బల్బు కింద చారలు నిలవకపోవచ్చు, చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు వాడండి. వేగంలో 6 శాతం తేడా వస్తే శ్రుతి అరమెట్టు మారిపోతుంది. ట్యూబా ట్యూబాలా వినబడుతోందా లేదా అన్నది ఆ అరమెట్టులోనే ఉంది.

యుద్ధకాలపు ప్లేట్లకి ఇంకో తిప్పలు. వాటికి ముఖ్య సరుకైన లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. 1942లో అమెరికా ప్రభుత్వం దాని వాడకానికి కోత పెట్టింది. పాత ప్లేట్లు నూరి కలిపి కొత్తవి అచ్చేశారు, అందుకే వాటిలో రొద. 1931 నాటి శుభ్రమైన బ్రన్స్‌విక్ పక్కన 1943 నాటి డెక్కా పెట్టి ‘మెరుపు తగ్గింది’ అంటే, తగ్గింది లక్క.

లక్కప్లేటు:
నా పేరు పెట్టుకునే నన్ను కొట్టారు. సరే. నా దగ్గరున్న ‘పేపర్ డాల్’ తలకిందులు చేసి చూశాను, గొంతు పోయి గిటారు మిగిలింది. అది వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఇంకో మాట. అన్నదమ్ములు కాబట్టి గొంతులు కలిశాయంటారు. యుద్ధంలో హ్యారీ సైన్యానికి వెళ్ళినప్పుడు జీన్ స్మిత్ అనే బయటివాడు ఆ చోట పాడాడు. తేడా తెలియలేదంటే రక్తం మాట ఉత్తదే కదా?

మంద్రస్థాయి:
ఉత్తది కాదు, సగమే నిజం. ఒకే ఇంట్లో పెరిగితే అచ్చులు ఒకలా పలుకుతారు. ‘ఆ’ ఎంత తెరవాలి, పదం చివర హల్లు ఎప్పుడు మూయాలి అన్నది నేర్పక్కర్లేదు. స్వరమేళం చెడేది ఎక్కువగా శ్రుతి తప్పి కాదు, అచ్చు తప్పి. ముగ్గురు ఇంటివాళ్ళు అచ్చు పట్టి నిలబెడితే నాలుగోవాడు అందులోకి ఒదిగిపోవచ్చు. ఇద్దరు బయటివాళ్ళు వస్తే కథ వేరు.

ఇంతసేపూ ఎవరూ అనలేదు గానీ, నోటి వాద్యం నిజంగా ఆగలేదు. వీధి మారింది. 1950లలో డూ-వాప్ (అర్థం లేని అక్షరాలతో గొంతులు కలిపి పాడే బాణీ) కుర్రాళ్ళు చేసిందేమిటి? లావుగొంతు ట్యూబా అయింది, మిగతావాళ్ళు ‘షా-నా-నా’ అని బాకాలయ్యారు. 1958లో సిల్హౌట్స్ పాడిన ‘గెట్ ఎ జాబ్’ని మిల్స్ బ్రదర్స్ డాట్‌కి పాడారు. తాము ఎప్పుడో వదిలిన విద్యని కుర్రాళ్ళ దగ్గర్నుంచి అప్పు తెచ్చుకున్నట్టుంటుంది. అప్పటికి తండ్రి మంద్రం లేదు. మొత్తం జాబితాలో నాకు నిజంగా పలచగా వినిపించేది అదొక్కటే.

గిటారుతీగ:
‘క్యాబ్ డ్రైవర్’ కూడా పలచనేనా? 1968లో, తొలి రికార్డుకి ముప్ఫై ఏడేళ్ళ తర్వాత, ముగ్గురే పాడి మొదటి నలభైలోకి వెళ్ళారు. అందులో గొంతు తొందరపడదు, బరువూ వేయదు. ముగ్గురికి సరిపడా పాట ఎంచుకున్నారు.

లక్కప్లేటు:
‘క్యాబ్ డ్రైవర్’ ఒప్పుకుంటాను, ‘పేపర్ డాల్’ ఎలాగూ వదిలేశాను. ‘గ్లో వర్మ్’ మాత్రం వదలను. ఆ ఆర్కెస్ట్రా రెండో చరణంలో గొంతుల మీదెక్కి కూర్చుంది.

పాతముల్లు:
ముందు ఆ ఫైలూ తలకిందులు చేయండి. 1952ది మోనో.