ఏడేళ్ల ల్యాప్‌టాప్‌ను బాగు చేయించుకోవాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న (తెనాలి నుండి)

నమస్కారం. నేను చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, అర్జీలు అన్నీ 2018లో కొన్న ఒకే ల్యాప్‌టాప్‌పై చేస్తున్నాను. అందులో ఐ3-7020యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. ఆన్ చేశాక, పేజీలు కట్టే పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. ఫొటోషాప్ కూడా తెరిచానంటే, కొట్టిన అక్షరం తెరపైకి వచ్చేలోపు నేను తరువాతి పదం పూర్తి చేసేస్తున్నాను. బ్యాటరీ అరగంట నిలవడం లేదు. రెండు నెలలుగా టచ్‌ప్యాడ్ ఎడమ బటన్‌ను బలంగా నొక్కితే తప్ప పని చేయడం లేదు. ఒక దుకాణంలో మూత తెరిచి చూడకుండానే ఇక పనికిరాదన్నారు, మరొకచోట హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలన్నారు. పెళ్లిళ్ల సీజన్‌కు ముందు కొత్తదానికి 45 వేలు తీయడం నాకు కష్టం. పాతదానిపై ఖర్చు పెడితే ఆ డబ్బుకు విలువ ఉంటుందా? దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (సికింద్రాబాద్ నుండి)

అమ్మా, నేను పన్నెండేళ్లుగా ల్యాప్‌టాప్‌ల మరమ్మతు చేస్తున్నాను. ఖర్చు పెట్టే ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో మీరే చూసుకోవచ్చు. ఆన్ చేయగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్ వరుసలో 20, 30 శాతమే ఉండి, డిస్క్ వరుస నిమిషాల తరబడి 100 దగ్గరే నిలిచిపోతే, మీ పనికి ప్రాసెసర్ సరిపోతోందనీ అది హార్డ్‌డిస్క్ కోసం ఎదురుచూస్తోందనీ అర్థం. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌లు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను వెతకడానికి దాని ముల్లు ప్రతిసారీ అటూ ఇటూ కదలాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి ఆ నిరీక్షణ దాదాపు పోతుంది.

4 జీబీ ర్యామ్ మరో చిక్కు. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగిలినదాన్ని డిస్క్ మీదికి తోస్తుంది. మీ అక్షరాలు వెనకబడడానికి కారణం బహుశా అదే. ర్యామ్‌కు రెండో స్లాట్ ఉందో, లేక ఉన్నది బోర్డుకు అతికించి ఉందో మూత తెరిచి చూశాకే కొనండి. 2024లో ఇలాంటి యంత్రానికే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ కలిపి 4 వేల లోపే వేశాను. 2025 చివరి నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ముందు ఎస్‌ఎస్‌డీ వేయించి, తేడా చూసి ర్యామ్ సంగతి నిర్ణయించుకోండి. డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి, ఆ స్థానంలో కాడీ (డిస్క్‌ను పట్టి ఉంచే చట్రం) పెట్టి పాత హార్డ్‌డిస్క్‌ను బిగించవచ్చు. పాత శుభలేఖల ఫైళ్లన్నీ దగ్గరే ఉంటాయి.

సమాధానం 2 (విశాఖపట్నం నుండి)

పై సలహాతో ఏకీభవిస్తున్నాను, కానీ దానికి ఒక గడువు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుండే అనుమతి ఉంది. మీది ఏడో తరం. నిబంధనను తప్పించి ఎక్కించే దారులు ఉన్నాయి గాని, అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు కనుక బతుకుతెరువు ఆధారపడిన యంత్రంపై ఆ ప్రయోగం వద్దంటాను. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఆ తరువాత బ్యాంకు లావాదేవీలు ఫోన్‌లో చేసుకుని, ఈ యంత్రాన్ని పేజీల పనికే ఉంచుకోండి. లినక్స్ మింట్‌కు మారమని చాలామంది చెబుతారు. పేజ్‌మేకర్, దానిలో తెలుగు టైప్ చేయడానికి వాడే అను రెండూ లినక్స్ కోసం చేసినవి కావు కాబట్టి మీ విషయంలో అది కుదిరే మాట కాదు.

అన్నిటికంటే ముఖ్యం, మీరు మామూలుగా రాసేసిన ఆ టచ్‌ప్యాడ్ బటన్. అరగంట నిలిచే పాత బ్యాటరీ, బిగుసుకున్న బటన్ కలిసి కనిపిస్తే, లోపలి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను కింది నుండి నెడుతోందేమోనని ముందుగా అనుమానించాలి. ల్యాప్‌టాప్‌ను మూసి బల్లపై పెట్టి, అడుగు సమానంగా ఆనుతోందో లేదో చూడండి. ఉబ్బిన లిథియం బ్యాటరీకి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఛార్జింగ్ వెంటనే ఆపేయండి, నొక్కడం, గుచ్చడం చేయకండి, తెలిసినవారి చేత తీయించండి. ఎస్‌ఎస్‌డీ సంగతి ఆ తరువాత.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బల్లపై పెడితే ఒక మూల నిజంగానే ఊగింది. నిన్న మూత తీయించాము. బ్యాటరీ పూరీలా పొంగి టచ్‌ప్యాడ్‌కు ఆనుకుని ఉంది. దాన్ని తీసేయగానే బటన్ మామూలుగా పడుతోంది, ల్యాప్‌టాప్ ఛార్జర్‌పైనే నడుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఆరు నిమిషాలు 100 దగ్గరే నిలిచింది. ర్యామ్‌కు రెండో స్లాట్ ఖాళీగా ఉంది. ఈ వారం ఎస్‌ఎస్‌డీ వేయిస్తున్నాను. కరెంటు పోతే సగం కట్టిన పేజీ పోకుండా కొత్త బ్యాటరీ వచ్చేవరకు షాపులోని యూపీఎస్‌కు తగిలిస్తాను. సీజన్ డబ్బు చేతికొచ్చాక, వచ్చే అక్టోబర్‌లోపు కొత్తది కొంటాను.

సమాధానం 1 (సికింద్రాబాద్ నుండి)

మంచి నిర్ణయం, అమ్మా. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చేవరకు ఎండ తగలని చోట, కాగితాలకు దూరంగా ఉంచండి.